తోమస్ నాటి తొలి గిన్నె

పదింటికి తెల్లవారింది. తెల్లవారిందంటే మరీ పొంగిపోయేంత కాదు. సూర్యుడు కొండ మీంచి తల ఎత్తి, ఇవాళ కూడా ఇంతేనా అన్నట్టు ఓసారి చూసి, అప్పుడే దుప్పటి లాక్కునే ఏర్పాట్లలో పడ్డాడు. డిసెంబరు ఇరవై ఒకటి, తోమస్ పుణ్యాత్ముడి రోజు. ఈ లోయలో ఆ రోజుకల్లా క్రిస్మస్ బీరు కాచడం పూర్తి కావాలి. ఊళ్ళో గుంపు కింది ఇంటి నుంచి మొదలుపెట్టి పైకి ఎక్కుతూ, ఇంటింటా పీపా రుచి చూసి తీర్పు చెప్పాలి.

ఓడ్వార్ కిటికీ దగ్గర నిలబడి ఆ గుంపు కోసం చూస్తున్నాడు. వయసు డెబ్భై ఒకటి, గొంతు మాత్రం పాతికేళ్ళ కుర్రాడిది. ఓడ్వార్ మాటల్లో ఓడేవాడు కాదని లోయంతా ఒప్పుకున్న సంగతే. ఇవాళ ఆ గొంతుకు పని లేదు. బల్ల మీద పల్చటి రొట్టె, ఎండబెట్టిన గొర్రెతొడ, చెక్కగిన్నె. మూలన పీపా. పీపాలో అతను జన్మలో మొదటిసారి సొంతంగా కాచిన బీరు.

ఇక్కడి తీర్పుకు ఒక పద్ధతి ఉంది. కాచినవాడు తొలి గిన్నె ముట్టకూడదు, పొరుగువాడు తాగాలి. బీరు కుదిరితే తాగినవాడు నోరు మెదపడు, ఖాళీ గిన్నె మళ్ళీ ముందుకు చాపుతాడు, అంతే. కుదరకపోతే పొగుడుతాడు. ‘బాగుంది, రంగు ఎంత బాగుందో’ అని రెండు మాటలు చెప్పి, టోపీ పెట్టుకుని బయటపడతాడు. పొగడ్త విన్న ఇంట్లో ఆ పూట ఎవరికీ కాఫీ కూడా గొంతు దిగదు.

ఈ మర్యాద పాటించనివాడు లోయ మొత్తమ్మీద ఒక్కడే, ఓడ్వార్. ముప్ఫై ఏళ్ళు గుంపుతో తిరిగాడు, ముప్ఫై ఏళ్ళూ ఉన్నదున్నట్టు చెప్పాడు, అదీ పదిమంది నవ్వేలా. యూస్టైన్ ఇంట్లో గిన్నెలో మడ్డి తేలితే, “మడ్డి పీపా అడుగున ఉండాలయ్యా, కాచినవాడి బుర్రలో కాదు” అన్నాడు. బీరు పొంగక చచ్చుబడిన ఏడాది, “మారిట్ వదినా, నీ ఈస్టు వేస్టయింది” అన్నాడు. పక్క పొలం తోర్గైర్ ఇంట్లో ఒక గుక్క తాగి, మొహం ముడిచి, “ఇంత చేదేమిట్రా! కాచావా, బావిలోంచి చేదావా?” అన్నాడు. ఇరవై మంది పొట్టలు పట్టుకున్నారు. తోర్గైర్ ఆ గిన్నె తీసి అలమరలో పెట్టాడు. ఆరేళ్ళయింది, మళ్ళీ ఓడ్వార్ గడప తొక్కి కూర్చున్నది లేదు.

అయినా గుంపు ఏటా ఈ ఇంటికి వచ్చేది. ఓడ్వార్ కోసం కాదు, గూరో బీరు కోసం. అతని భార్య గూరో ఆ విద్యలో గురువు. “మా ఆయన నోటికి మూత లేదు, ఉన్న మూతలన్నీ నా పీపాలకే సరిపోయాయి” అని నవ్వుతూ గిన్నె అందించేది. ఆ గిన్నె ముందు ఇరవై మంది ఉలుకూ పలుకూ లేకుండా నిలబడేవారు. ఒకరి తర్వాత ఒకరు గిన్నె చాపేవారు. ఆ నిశ్శబ్దంలో ఓడ్వార్ హాస్యానికి కూడా కాలు నిలిచేది కాదు.

కిందటేడు సెప్టెంబరులో గూరో పోయింది. ఆ ఏడు పీపా నిలబెట్టలేదు. చావు జరిగిన ఇంటికి ఒక్క ఏడాది సడలింపు ఉంది. రెండో ఏడు కూడా పీపా లేకపోతే, ఉన్నా ఎవరూ రుచి చూడకపోతే, ఆ గడప గుంపు దారిలోంచి జారిపోయినట్టే. పై పొలం సీవర్ట్ ముసలాయన గడప అలాగే జారింది. పదకొండేళ్ళుగా ఆయన ఇంటికి వెళ్ళేది మంచు ఎత్తే బండి ఒక్కటే. అది కూడా ఆయన్ని చూడ్డానికి కాదు, వెనక్కి తిరగడానికి అక్కడే జాగా ఉందని.

అందుకని ఓడ్వార్ ఈ ఏడు పట్టుబట్టాడు. బార్లీ బస్తాను వాగులో నానేశాడు. మొలకలొచ్చాక నేల మీద పరిచి చేత్తో తిరగేశాడు. ఆల్డర్ కట్టె మంట మీద, పొగలో ఆరబెట్టాడు. జూనిపర్ కొమ్మల మీంచి వడకట్టాడు. గూరో బీరు రుచి అతని నాలుకకు కంఠతా వచ్చు: ముందు కాలిన రొట్టె అంచు, ఆ తర్వాత మాడబోయి ఆగిన పాకం, చివర్లో పక్కగదిలో ఎవరో పొయ్యి ఆర్పి వెళ్ళినంత సన్నటి పొగ. రుచి తెలుసు. దానికి దారి మాత్రం తెలీదు. నలభై నాలుగేళ్ళు ఆమె కాస్తుంటే అతను పక్కన నిలబడి కబుర్లు చెప్పాడు.

ఇవాళ పొద్దున లేస్తూనే గుర్తుకొచ్చింది, పీపా సిద్ధమైన ఇంటివాళ్ళు గుమ్మం ముందు పచ్చటి కొమ్మలు తుంచి చల్లుతారని. చల్లితేనే గుంపుకు తెలుస్తుంది. నోటితో పిలవడం ఇక్కడ మర్యాద కాదు. ఆ పని ఎప్పుడూ గూరోదే. గొడ్డలి తీసుకుని దగ్గర్లో దొరికిన కొమ్మ నరికి, గేటు దాకా దట్టంగా పరిచి వచ్చాడు.

పదకొండున్నరకి గుంపు కనిపించింది. ఏడుగురు. మారిట్ ఇంట్లోంచి బయటపడి రోడ్డు పట్టారు. యూస్టైన్ నవ్వు ఇంతదూరం వినిపించింది. ఓడ్వార్ చొక్కా సర్దుకున్నాడు, గిన్నె తుడిచాడు, తుడిచిన గిన్నె మళ్ళీ తుడిచాడు.

గుంపు గేటు దగ్గర ఆగింది. నవ్వు ఆగింది. చాలాసేపు నిలబడి ఏదో తర్జనభర్జన పడ్డారు. తర్వాత, మైనస్ పద్దెనిమిది డిగ్రీల చలిలో, మగవాళ్ళందరూ టోపీలు తీశారు. ఒక నిమిషం తలలు దించుకున్నారు. మళ్ళీ టోపీలు పెట్టుకుని, చప్పుడు చెయ్యకుండా, పైనున్న యూస్టైన్ పొలం వైపు వెళ్ళిపోయారు.

ఓడ్వార్ కిటికీ దగ్గరే ఉండిపోయాడు. నాకంత మర్యాద ఎప్పుడు చేశారు వీళ్ళు అనుకున్నాడు. “చూశావా?” అన్నాడు పీపాతో. “ఎత్తి పొడిచినవాణ్ణి టోపీ ఎత్తి పొడిచారు.” పీపా నవ్వలేదు. గోడ గడియారం కూడా తన పని తాను చూసుకుంది. ముప్ఫై ఏళ్ళలో ఎంతమందిని ఏమేమన్నాడో ఒక్కొక్కటీ గుర్తుకు రావడం మొదలైంది, ఒక్కదానికీ ఇప్పుడు నవ్వు రాలేదు.

అరగంట తర్వాత తలుపు చప్పుడైంది. తోర్గైర్. నల్లకోటు, చేతిలో టోపీ.

“ఎవరు పోయారు?” అన్నాడు గుమ్మంలోంచే.

“పోవడమేమిట్రా? పొద్దుట్నుంచి ఎవడూ రాందే పోయేదెవడు?”

తోర్గైర్ అతన్ని కింది నుంచి పైదాకా చూశాడు. “అంటే నువ్వు ఉన్నావన్నమాట.”

“ఉన్నట్టే ఉంది. ఏం, అనుమానమా?”

“మరి స్ప్రూస్ కొమ్మలెందుకు చల్లావురా?”

“జూనిపర్ అంతా వడకట్టడానికే అయిపోయింది. ఇదీ పచ్చగానే ఉందిగా.”

“పచ్చగా ఉంటే సరా?” తోర్గైర్ గొంతు పెరిగింది. “జూనిపర్ పీపాకి, స్ప్రూస్ శవానికి! చిన్నపిల్లల్నడిగినా చెప్తారు. గూరో పోయిన రోజు ఈ గుమ్మంలో చల్లింది నేనే కదరా.”

ఓడ్వార్‌కు గుర్తులేదు. ఆ రోజు గుమ్మంలో ఏముందో అతను చూడలేదు.

“గేటు దగ్గర అందరం ఆగిపోయాం. నువ్వే పోయావన్నాడు యూస్టైన్. ఆయనే పోతే కొమ్మలు చల్లిందెవరని మారిట్ అడిగింది. ఎవరికీ పని చెప్పని మనిషి, ముందే చల్లుకుని పోయుంటాడని మళ్ళీ యూస్టైనే.”

“ఒక్క ఫోన్ చెయ్యచ్చుగా!”

“చేసి ఏమనాలి? పోయావా, ఉన్నావా అనా?”

నవ్వు రావలసిన చోటే. ఇద్దరికీ రాలేదు.

“మరి నువ్వెందుకొచ్చావు?”

“నీ పెళ్ళాన్ని మోసినవాణ్ణి. నిన్నూ ఎవడో ఒకడు మొయ్యాలిగా. కోటేసుకుని వచ్చా.”

ఓడ్వార్ కిటికీలోంచి పైకి చూశాడు. యూస్టైన్ ఇంటి చిమ్నీ పొగ నిటారుగా లేస్తోంది. “పరుగెత్తుకెళ్ళి చెప్పరాదూ? బతికే ఉన్నాడని?”

“చెప్తా. కానీ దాటిపోయిన గడపకి గుంపు వెనక్కి తిరగదు. నీకు తెలీందేముంది.”

తెలుసు. ఆ పద్ధతి తప్పకూడదని ఎన్నోసార్లు బల్లగుద్ది వాదించింది తనే.

“అయితే నువ్వు తాగు,” అన్నాడు ఓడ్వార్. “పొరుగువాడు ఒక్కడు తాగినా లెక్కే. కానీ గుంపు లేకుండా తాగినప్పుడు ఉత్తి రుచి చాలదు, నువ్వు రెండో గిన్నె అడిగితే ఆదివారం చర్చి దగ్గర ఆ మాట చాలు, నా గడప నిలుస్తుంది. అడక్కపోతే లేదు. కూర్చో.”

తోర్గైర్ కోటు విప్పకుండానే బెంచీ చివర కూర్చున్నాడు. ఓడ్వార్ పీపా కుళాయి తిప్పాడు. బీరు నల్లగా, చిక్కగా దిగింది, పైన గోధుమరంగు నురగ. తోర్గైర్ గిన్నె రెండు చేతులా పట్టుకుని ముందు వాసన చూశాడు. వెలుతురుకేసి వంచి అంచున రంగు చూశాడు. తాగాడు. నోట్లో అటూ ఇటూ తిప్పి మింగాడు. మళ్ళీ తాగాడు.

మాట్లాడలేదు.

ఓడ్వార్ గుండె ఒక మెట్టు ఎక్కింది. మాట్లాడకపోవడమే కదా కావలసింది. నాలుక చివరకు నాలుగు చమత్కారాలు తన్నుకొచ్చాయి, నాలుగింటినీ మింగేశాడు. ఇంత నిశ్శబ్దం తన ఇంట్లో తనే కాపాడటం అతనికి ఇదే మొదలు. గిన్నె ఖాళీ అయింది. తోర్గైర్ దాన్ని రెండు చేతుల మధ్య పట్టుకుని అడుగు కేసి చూశాడు. బల్ల మీద పెట్టాడు.

“బాగుంది,” అన్నాడు. “రంగు చాలా బాగా వచ్చింది.”

టోపీ అందుకున్నాడు.

ఓడ్వార్ ముప్ఫై ఏళ్ళలో ఎన్నో ఇళ్ళలో ఆ మాట విన్నాడు, ఆ ఇళ్ళవాళ్ళ మొహాలు చూశాడు. ఆ మొహం లోపలి నుంచి ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది.

“టోపీ పెట్టకు,” అన్నాడు. “పొగడకు. నేను మీకెవరికీ ఆ మర్యాద చెయ్యలేదు. నాకెందుకు చేస్తావు?”

“చెయ్యలేదు,” అన్నాడు తోర్గైర్. కాసేపు టోపీ అంచు నలిపాడు. “ఆ రోజు నా బీరు నిజంగానే చేదురా. నాకు తెలుసు. నువ్వు నన్నొక్కణ్ణీ పక్కకి పిలిచి చెప్పుంటే మరుసటేడు నిన్నే అడిగి కాచేవాణ్ణి. ఇరవై మందిని నవ్వించి చెప్పావు. చేదు ఆ ఏడే పోయింది, నవ్వు పోలేదు.”

ఓడ్వార్ తల ఊపాడు. జవాబు లేక కాదు, ఉన్నవన్నీ హాస్యాలే.

“ఇప్పుడిక్కడ ఎవడూ లేడు,” అన్నాడు చివరికి. “చెప్పు.”

“పొగ. గొంతులో మసి పట్టేస్తోంది. కట్టె ఎప్పుడు కొట్టావు?”

“అక్టోబరులో. ఆల్డరే కొట్టాను.”

“ఆల్డరే. పచ్చిది. గూరో రెండు చలికాలాలు ఎండనిచ్చేది. దక్షిణపు ఎండ పడుతుందని మా కొట్టం వెనక గోడకి పేర్చుకునేది. అది కూడా తెలీదా నీకు?”

“తెలీదు.”

“ఏటా ఏప్రిల్‌లో వచ్చి తిరగేసేది. కాఫీ తాగి వెళ్ళేది. నువ్వన్నదానికి ప్రతిసారీ క్షమాపణ చెప్పేది, వద్దన్నా వినేది కాదు.”

మూలనున్న పీపా కుళాయి నుంచి ఒక్క బొట్టు పడింది. ఓడ్వార్ వెళ్ళి దాన్ని వేలితో తుడిచాడు.

“ఆ కట్టె... ఇంకా ఉందా అక్కడ?”

తోర్గైర్ తల అడ్డంగా ఊపాడు. “లేదు. కిందటేడు కొంత, ఈ ఏడు మిగిలింది నేనే వాడేశాను. నువ్వు వచ్చి అడుగుతావని చూశా. నువ్వు రాలేదు. నేనూ పిలవలేదు.” లేచి నిలబడ్డాడు. “మంచి కట్టెరా అది.”

గుమ్మం దగ్గర ఆగాడు. “ఆదివారం ఎవరైనా అడిగితే ఏం చెప్పమంటావు?”

“తాగింది చెప్పు.”

“బాగుందనే చెప్తా,” అన్నాడు తోర్గైర్. అంతకంటే చెడ్డ మాట లోయలో లేదని ఇద్దరికీ తెలుసు. “గోడ ఖాళీగానే ఉంది. కావాలంటే పేర్చుకో.”

అతను వెళ్ళాక ఓడ్వార్ అదే గిన్నెలో తనకు పోసుకున్నాడు. ముందు కాలిన రొట్టె అంచు ఉంది, కాస్త. పాకం కూడా వెతికితే దొరికింది. ఆ మీదట మసి వచ్చి రెంటినీ కప్పేసింది. పక్కగదిలో పొయ్యి ఆర్పినట్టు లేదు, ఇల్లే అంటుకున్నట్టు ఉంది.

“పొగకి తగ్గ పొగడ్తే దొరికింది,” అన్నాడు గట్టిగా.

మంచి చమత్కారమే. బల్ల, బెంచీ, పీపా, ఎవరూ ఏమీ అనలేదు. గొర్రెతొడ మీద గుడ్డ కప్పాడు. రొట్టె డబ్బాలో పెట్టాడు. గంట రెండు కావస్తోంది, బయట మంచు అప్పుడే నీలం తిరుగుతోంది. ఇంకో అరగంట వెలుతురు ఉంటుంది.

ఇవాళ కొడితే ఎండటానికి రెండు చలికాలాలు. అప్పటికి తనకు డెబ్భై మూడు. అప్పటిదాకా ఈ గుమ్మం ముందు ఎవరూ ఆగరు, ఆగినా టోపీ తీయడానికే.

గొడ్డలి, చేతిరంపం తీసుకుని వాగు దగ్గరికి దిగాడు. మోకాలి లోతు మంచు. ఒడ్డున నడుమంత లావు ఆల్డర్ చెట్లు మూడున్నాయి, వాటిలో సన్నదాన్ని ఎంచుకున్నాడు. పైన యూస్టైన్ ఇంట్లోంచి చప్పుడు రావడం లేదు. బీరు కుదిరినట్టుంది. ఓడ్వార్ చేతి తొడుగులు విప్పి గొడ్డలి ఎత్తాడు. మొదటి దెబ్బకు లోపలి కర్ర పాలలా తెల్లగా బయటపడింది. ఊపిరి తీసుకోవడానికి ఆగి చూస్తుండగానే, తెగిన చోటు, పచ్చి ఆల్డర్‌కు ఎప్పుడూ ఉండే గుణం కొద్దీ, మెల్లగా ఎర్రబడటం మొదలుపెట్టింది.