ఒప్పుకునే గొంతు

నోట్లో రెండు క్లిప్పులు కరిచిపట్టుకుని మేడ మీద దుప్పటి ఆరేస్తుంటే, కింద షాపులోంచి ఆమెకి తన గొంతే వినిపించింది. "నమస్తే అండీ, చెప్పండి. ఏ గదికి కావాలి కర్టెన్లు?" అంటోంది. అచ్చం ఆమె అన్నట్టే, 'చెప్పండి' దగ్గర కాస్త సాగదీసి, చివర చిన్న నవ్వు తగిలించి. ఆమె పెదాలు మూసుకునే ఉన్నాయి. క్లిప్పుల చెక్క చేదు నాలుకకి తగులుతూనే ఉంది. అయినా నమ్మకం చాలక తడి చెయ్యెత్తి నోరు తడుముకుంది. నవ్వుకుంటే నవ్వుకోండి. మీరు లేని చోట మీ గొంతు బేరాలాడుతుంటే మీరూ తడుముకుంటారు.

అదేమిటో ఆమెకి తెలియక కాదు. ఆ వారమే తెచ్చి పెట్టారు దాన్ని. కంప్యూటర్ పక్కన, ఉప్పుడబ్బా అంత నల్లటి డబ్బా. షాపుకి ఫోనొస్తే అదే ఎత్తుతుంది, అదే మాట్లాడుతుంది, మాట్లాడేటప్పుడూ వినేటప్పుడూ నెత్తిన నీలం దీపం వెలుగుతుంది. తెలిసినంత మాత్రాన వెన్నులో చలి ఆగుతుందా?

కర్టెన్ల షాపు ఆమె భర్తది. అంటే బోర్డు ఆయనది, తిరిగే కుర్చీ ఆయనది, ఫ్యాను కింద చోటు ఆయనది. ఫోను మాత్రం ఆమెది. పెళ్ళయిన కొత్తలో, "ఊరికే కూర్చుంటావుగా, మోగితే ఎత్తుతూ ఉండు" అన్నాడు. ఊరికే కూర్చోవడమంటే ఎలా ఉంటుందో ఆ తర్వాత మళ్ళీ ఆమెకి తెలిస్తే ఒట్టు. భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని కూరలు తరిగింది, జ్వరంలో మూలుగుతూ కిటికీల కొలతలు రాసుకుంది. ఏ ఇంట్లో ఏ గదికి ఎండ పడుతుందో, ఎవరికి పువ్వుల డిజైన్ గిట్టదో, ఎవరి మాట మొదటిసారి నమ్మకూడదో అన్నీ ఆమెకే తెలుసు. ఆయన చేసిందల్లా ఆ ఫోనులో కాల్ రికార్డింగు పెట్టించడం. "కొలతలు తప్పు రాస్తావేమోనని" అన్నాడు. ఆమె ఎన్నడూ తప్పు రాయలేదు. రికార్డింగు ఆగనూ లేదు.

ఆ రికార్డింగులే డబ్బాకి ఆమె గొంతు నేర్పడానికి పనికొచ్చాయి ఇప్పుడు. చిన్న వ్యాపారులకి కంప్యూటర్ సలహాలు చెప్పే ఒకాయన్ని భర్త ఎక్కడో మీటింగులో చూసి ముచ్చటపడి ఇంటికి తీసుకొచ్చాడు. ఇంట్లో అందరూ ఆయన్ని 'సలహాల సార్' అనేవారు. మంచి మాటకారి. టీ తాగుతూ చెప్పాడు: "చిన్న షాపు ఎక్కడ దెబ్బతింటుందో తెలుసా సార్? ఎత్తని ఫోను దగ్గర. మీరెత్తకపోతే కస్టమరు పక్క షాపుకి చేస్తాడు, అంతే. ఇంకో మాట. రోజూ చేసే పనులన్నీ ఒకసారి తల్చుకోండి. మీరు తప్ప ఇంకెవరూ చెయ్యలేనివి మీ దగ్గర ఉంచుకోండి, మిగతావి మెషీనుకి పడేయండి." భర్త గడ్డం గోక్కుంటూ చాలాసేపు ఆలోచించాడు. పాపం, ఆయనకి తను చేసే పని ఒక్కటీ గుర్తు రాలేదు. చివరికి ఆమె పనులే పడేశాడు.

ఆమెని అడగలేదా అంటే, అడిగాడు. "ఇంకో కప్పు టీ ఉందా?" అని.

మొదటి రోజుల్లో ఇంట్లో పండగే పండగ. "నీకంటే ఇదే నయం. విసుక్కోదు, ముక్కు చీదదు, మధ్యలో కుక్కరు కూత వినపడదు" అని నవ్వాడు భర్త. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. మంచం దిగకుండా షాపు నంబరుకి చేసి డబ్బాతో గంటలు గంటలు కబుర్లు చెప్పడం మొదలుపెట్టింది. "ఎన్నిసార్లు చెప్పినా 'అలాగే అత్తయ్యా' అంటుందే! అదీ కోడలంటే" అని కోడలితోనే అంది. ఆమె పక్కనే కూర్చుని అత్తగారి కాళ్ళకి నూనె రాస్తోంది. ఫోనులోంచి తన గొంతు "అలాగే అత్తయ్యా" అంటుంటే ఆమె చేతులు ఒక్క క్షణం ఆగాయి. "రాయవేం?" అంది అత్తగారు.

డబ్బా తప్పుగా చెప్పినవి సరిదిద్దాలి కదా, ఆ పని ఎవరు చెయ్యాలి? "మేడమ్ ఇంట్లోనే ఉంటారుగా" అన్నాడు సలహాల సార్. అలా మధ్యాహ్నం పూట, గిన్నెలయ్యాక, ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని తన గొంతుకి తన మాటలు నేర్పాలి. తన గొంతు ఎవరెవరితో ఏమేం మాట్లాడిందో వినేది. తను అనని మాటలు తన నోట. ఎంత వద్దనుకున్నా వింటూ వింటూ తనే అన్నానేమో అనిపించేది. వంటింట్లోకి వెళ్ళి, ఎవరూ లేకుండా చూసి, "నేను ఇక్కడున్నాను" అని పైకే అని చూసుకునేది. ఆ మాట కూడా కిందనుంచే వచ్చినట్టుండేది.

ఆమెని అన్నిటికంటే కుంగదీసింది టైలరమ్మ సంగతి. షాపు కర్టెన్లన్నీ కుట్టేది ఆవిడే. ఇద్దరూ వదినా అంటే వదినా అనుకుంటారు. ఓ రోజు కుట్టిన మూట దింపి వెళ్తూ టైలరమ్మ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నిన్న ఫోనులో నువ్వు దొరక్కపోతే నేనేమైపోదునో వదినా. అమ్మాయికి కడుపు నిలవలేదని ఎవరితో చెప్పుకోను? నువ్వు అంతసేపు విన్నావు. 'ఏడవనీ, ఏడిస్తే తేలికవుతుంది' అన్నావు చూడు, ఆ ఒక్క మాటతో బతికాను."

ఆమెకి ఆ కబురే తెలియదు. నిన్నంతా మిద్దె కడగడంతోనే సరిపోయింది. 'అది నేను కాదు' అందామనుకుంది. కానీ టైలరమ్మ కళ్ళు చూశాక నోరు రాలేదు. "ఏం కాదులే వదినా" అంది. అన్నాక, సరిగ్గా డబ్బా కూడా ఇదే అనేదని తోచింది. టైలరమ్మ వెళ్ళాక మూట మీద కూలబడి ఏడ్చింది. కొలతలు తీసుకుపోతే పోయాయి. ఓదార్చే మాట కూడా పోవాలా?

ఆపైన గొడవ మొదలైంది. కొలతకి కత్తిరించిన గుడ్డ వెనక్కి తీసుకోరు ఏ కర్టెన్ల షాపులోనూ. డబ్బా మాత్రం తీసుకుంటామంది. సెలవు రోజున వచ్చి బిగిస్తారా అంటే వస్తామంది. తెల్లారకుండానే తలుపు తీస్తారా అంటే తీస్తామంది. ఒకడు రంగు వెలిసిపోయిన పాత కర్టెన్లు తెచ్చి బల్ల మీద పడేసి, "మీ ఆవిడే మార్చి ఇస్తామన్నారు" అన్నాడు. భర్త మొహం కందగడ్డ అయింది. మేడ మీదకొచ్చి ఆమె మీద విరుచుకుపడ్డాడు.

"ఏం నేర్పావు దానికి? అడ్డమైనవాడికీ సరే సరే అంటుందేంటి?"

సలహాల సార్ వచ్చి కంప్యూటరంతా వెతికి తల గోక్కున్నాడు. "తప్పు దానిది కాదు సార్. అది మేడమ్ అన్న మాటల్లోంచే నేర్చుకుంటుంది. ఇన్నేళ్ళ రికార్డింగుల్లో మేడమ్ ఒక్కసారి కూడా కుదరదనలేదు. సరే అండి, అలాగే, చూస్తాను, పర్వాలేదు... అంతే. ఒక్క 'కుదరదు' దొరికితే ఒట్టు. లేని మాట అది ఎక్కణ్ణుంచి తెస్తుంది?"

ఆమెకి చెంప మీద కొట్టినట్టయింది. ఇన్నేళ్ళలో ఒక్కటంటే ఒక్కటి కూడా లేదా? ఎంత సిగ్గు, ఎంత సిగ్గు! పరాయివాడు యంత్రం పెట్టి వెతికితే బయటపడిందా తన బతుకు?

"అయితే చెప్పించండి" అని భర్త ఆమె వైపు తిరిగాడు. "నువ్వు రోజూ మధ్యాహ్నం కూర్చుని కుదరదు, కుదరదు అని రికార్డు చెయ్యి. షాపు పని ఇది, అశ్రద్ధ చెయ్యకు."

చేసింది. షట్టరు సగం దించి, మైకు ముందు కూర్చుని. మొదటి రోజు 'కుదరదండీ' అని సాగదీసి నవ్వింది. సలహాల సార్ విని, "మేడమ్, ఇది వద్దన్నట్టు లేదు, బతిమాలుతున్నట్టుంది. ఆ చివర నవ్వెందుకు?" అన్నాడు. నిజమే, నవ్వెందుకు? అప్పుడు కళ్ళు మూసుకుని, ఎవరో అడుగుతున్నట్టు ఊహించుకోవడం మొదలుపెట్టింది. మొదట కస్టమర్లని. తర్వాత కస్టమర్లు కానివాళ్ళు వరసకట్టి వచ్చారు. 'చదువు ఆపెయ్యి, పెళ్ళయ్యాక చూసుకోవచ్చు' అన్న నాన్న. కుదరదండి. 'పురిట్లోంచి లేచి రెండు వారాలైందిగా, ఫోనెత్తడానికేం?' అన్న అత్తగారు. కుదరదండి. 'బిడ్డ పోతే పోయింది, షాపు మూసుకుంటామా?' అని బయటినుంచి ఫోను చేసి అన్న భర్త. ఆ రోజు "పర్వాలేదు" అంది ఆమె. ఆ పర్వాలేదు కూడా ఏదో రికార్డింగులో ఉండే ఉంటుంది. ఇప్పుడు మైకు ముందు "కుదరదండి" అంది. అని, కుర్చీలో వెనక్కి వాలి ఊపిరి తీసుకుంది. కుదరదని చెప్పడానికి ఇంత బలం కావాలా అనుకుంది. డబ్బా నెత్తిన నీలం దీపం వెలిగే ఉంది. అది వింటోంది.

నెల తిరక్కుండా డబ్బా దార్లో పడింది. భర్త మళ్ళీ ఈలలు వేస్తున్నాడు. అప్పుడొచ్చాడు సలహాల సార్, స్వీటు ప్యాకెట్టుతో.

"మేడమ్ గొంతు అందరికీ తెగ నచ్చిందండీ. క్లినిక్కుల వాళ్ళు, లాడ్జీల వాళ్ళు, అప్పులు వసూలు చేసేవాళ్ళు, అందరూ అదే కావాలంటున్నారు. ముఖ్యంగా ఆ ఒప్పుకునే గొంతు. మీకూ నెలనెలా ఎంతో కొంత వస్తుంది. కంపెనీ రూలు ఒక్కటే. 'ఇది నా గొంతు, వాడుకోవడానికి ఒప్పుకుంటున్నాను' అని గొంతుగల మనిషి చెప్పాలి. రికార్డు చేసుకుంటాం."

"చెప్తుంది" అన్నాడు భర్త, ఆమె వైపు చూడకుండానే.

ఆమెకి కళ్ళ ముందు కనబడింది. పేరైనా తెలియని ఊళ్ళలో, ముక్కూ మొహం తెలియనివాళ్ళ గదుల్లో, తను 'సరే అండి' అంటోంది. ఎవడో తిడుతున్నాడు, 'పర్వాలేదండి' అంటోంది. తను చచ్చిపోయాక కూడా అంటూనే ఉంది. అయినా అలవాటు ఎక్కడికి పోతుంది, నాలుక చివరికి 'సరే' వచ్చి కూర్చుంది. దాన్ని పళ్ళతో ఆపి నిలబడింది.

"ఈవిడ ఇంతేనండీ, నాన్చుతుంది" అన్నాడు భర్త. "ఆ డబ్బాతోనే చెప్పించెయ్యండి. అదీ ఈవిడ గొంతేగా, ఎవడికి తెలుస్తుంది?"

సలహాల సార్ ఇబ్బందిగా నవ్వాడు. నవ్వుతూనే ఆ వాక్యం టైపు చేసి మీట నొక్కాడు. నీలం దీపం వెలిగింది. ఎప్పుడూ లేనిది, డబ్బా కాసేపు తటపటాయించింది.

"కుదరదండి" అంది.

ఆ 'కుదరదండి' ఆమెకి తెలుసు. కస్టమరు కోసం అన్నది కాదు. బిడ్డ పోయిన రోజుకి, ఇన్నేళ్ళ తర్వాత, షట్టరు సగం దించి చెప్పిన జవాబు అది.

"పాత రికార్డింగేదో తగులుకుంది" అంటూ సలహాల సార్ మళ్ళీ నొక్కాడు. "కుదరదండి." మళ్ళీ నొక్కాడు. "కుదరదండి." నొక్కకుండానే ఇంకోసారి అంది. ఆయన చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"ఛీ, దీని దుంపతెగ!" అంటూ భర్త లేచి, గోడ దగ్గర వైరు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. దీపం ఆరిపోయింది.

"కుదరదు. నా గొంతు ఎవరికీ ఇవ్వను."

మగాళ్ళిద్దరూ బిక్కచచ్చిపోయి డబ్బా వైపు చూశారు. వైరు ఇంకా భర్త చేతిలోనే వేలాడుతోంది.

"అటు కాదు, ఇటు చూడండి" అంది ఆమె. "మాట్లాడుతున్నది నేను."