కంచు పలకల ఊపిరి

ఆమె అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. పియానోలు, హార్మోనియంలు శ్రుతి చేస్తుంది కాబట్టి అందరికీ శ్రుతక్క. తలుపు కిర్రుమంటే అది ఏ స్వరమో చెప్పమని చుట్టుపక్కల పిల్లలు పరీక్షలు పెట్టేవాళ్లు. సిటీ బస్సు నడిపే వాళ్లాయన, "మా ఇంట్లో తుమ్మాలన్నా ముందు శ్రుతి చూసుకోవాలండీ," అని వచ్చినవాళ్లనల్లా నవ్వించేవాడు.

ఆ నవ్వులో ఈమధ్య కూతురు కలవడం లేదు. తొమ్మిదో తరగతి చదువుతున్న ఆ పిల్ల బడిలో పాటల బృందంలో ఉంది. ఇంట్లో మాత్రం నోరు మెదపదు. సాధనంతా స్నేహితురాలి ఇంట్లోనే.

"మనింటికేమొచ్చిందే? గది ఖాళీగానే ఉందిగా," అని ఆ పొద్దున తల్లి అడిగింది.

"నువ్వున్నావుగా," అంది పిల్ల జడ అల్లుకుంటూ.

విసురుగా అని ఉంటే రెండు తిట్టి ఊరుకునేది. వాన పడుతోంది, గొడుగు తీసుకెళ్లు అన్నట్టు మామూలుగా అనేసింది. ఆ మాట మ్యూజియం దాకా శ్రుతక్క వెంటే వచ్చింది.

మ్యూజియం వెనక గదిలో రెండు నెలలుగా ఆమెకు పని. సముద్రం అవతల ఎక్కడో దీవుల నుంచి వచ్చిన పాతకాలపు వాయిద్యాల జంట అది. చెక్కిన కర్ర పెట్టెలు, వాటి మీద తాళ్లకు వేలాడే కంచు పలకలు, చెక్క సుత్తితో కొట్టి వాయించడం. రెండూ అచ్చు ఒకలాగే ఉంటాయి, అక్కాచెల్లెళ్లలా. వచ్చినప్పుడు తాళ్లు చివికిపోయి, కంచు మీద చిలుము పట్టి ఉన్నాయి. తోమించి, కొత్త తాళ్లు కట్టించి, మొదటి పలక కొట్టి చూసిన రోజునే ఆమెకు తేడా తెలిసిపోయింది. ఒకదాని కన్నా రెండోదాని పలకలు కాస్త పైకి పలుకుతున్నాయి. రెండూ కలిపి కొడితే మధ్యలో వణుకు.

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆమె పోరు ఆ వణుకుతోనే. పియానోలో ఒక్కో స్వరానికి మూడేసి తీగలుంటాయి. మూడూ ఒక్కటిగా పలకాలి. ఏ తీగ వెంట్రుకవాసి జారినా ఇలాగే వణుకు వస్తుంది. దాన్ని చంపడమే వాళ్ల నాన్న ఆమెకు నేర్పిన విద్య. పాపం, ఇన్నేళ్లు పట్టించుకునే దిక్కు లేక శ్రుతి పోయిందనుకుంది. పైకి పలికే పలకల్ని ఒక్కొక్కటే బోర్లించి, నడుం దగ్గర ఆకురాయితో రుద్ది, కిందికి దించుతూ వచ్చింది. చిట్టచివరి చిన్న పలక ఒక్కటే మిగిలింది.

ఆ రోజు వాయిద్యాల్ని చూడ్డానికి పెద్దాసుపత్రి నర్సమ్మ వచ్చింది. ఆ దీవుల్లోనే పుట్టి, ఉద్యోగానికి వచ్చి ఈ ఊళ్లోనే స్థిరపడిన మనిషి. చిన్నప్పుడు సొంతూరి మేళంలో వాయించేదట. వచ్చే వారం ప్రదర్శన మొదలయ్యే రోజున ఆమె చేతే వాయించాలని మ్యూజియం ఆఫీసరు ముచ్చట.

నర్సమ్మ చెప్పులు గుమ్మంలో విడిచి, కర్ర పెట్టె అంచు మీద చెయ్యి ఉంచి, కాసేపు అలాగే నిలబడింది. తర్వాత సుత్తి ఒకటి శ్రుతక్క చేతికిచ్చింది.

"ఒక్కరం వాయిస్తే అవదక్కా. నేను దీన్ని కొడతా, నువ్వు దాన్ని. కలిసి."

కొట్టారు. నిటారుగా గీత గీసినట్టు వచ్చింది స్వరం. శ్రుతక్కకి లోలోపల గర్వంగా అనిపించింది. నర్సమ్మ మాత్రం తల పక్కకి వంచింది. రెండో పలక. మూడోది. నాలుగోది కొట్టబోయి చెయ్యి దించేసింది.

"ఇట్లా ఎవరు చేశారు?"

"ఇంకెవరండీ, మా శ్రుతక్కే," అన్నాడు ఆఫీసరు సంబరంగా. "శ్రుతి చూసే మీటరన్నా తప్పు చూపిస్తుందేమో గానీ ఆవిడ చెవి చూపించదు."

"ఆ చివరిదొక్కటీ వినకండి," అంది శ్రుతక్క సిగ్గుపడుతూ. "ఇంకా చెయ్యలేదు. రేపటికి సరిపెడతా."

నర్సమ్మ ఆ చివరిదే కొట్టమంది. కొట్టారు. వూ... వూ... వూ... అంటూ వణుకు గదంతా తిరిగింది. నర్సమ్మ కళ్లు మూసుకుంది.

"ఇదొక్కటే బతికుంది," అంది.

ఆఫీసరు ముందు నవ్వబోయి, తర్వాత నర్సమ్మ మొహం చూసి మానుకున్నాడు.

"కావాలనే ఒకటి పైకి చేస్తారక్కా. ఒకటి ఊపిరి పీలుస్తుంది, ఒకటి వదులుతుంది. రెండూ ఒకే మాటంటే ఇంక వాటికి మాట్లాడుకోవడం దేనికి? తప్పని నీకెవరు చెప్పారు?"

"నా చెవి," అంది శ్రుతక్క. ఆ మాట ఆమెకే పీలగా వినిపించింది.

"ముందు ఓ ముక్క చెప్పొద్దా మీరు?" అని శ్రుతక్క ఆఫీసరు మీదికి తిరిగింది.

"మీరు అడగలేదుగా."

"మీరు మాత్రం ఎవర్నైనా అడిగారా?"

"ప్రదర్శన ఆహ్వానం కార్డులు అచ్చయిపోయాయండీ!" అన్నాడు అతను, ఏడుపొక్కటే తక్కువగా. "ఇప్పుడు వాటి మీద ఏం రాయమంటారు, చంపి చూపిస్తున్నామనా?"

నర్సమ్మ చెప్పులేసుకోడానికి వంగింది. "ఇట్లాంటివి పోసే ఆయన మా ఊళ్లో ఎప్పుడో పోయాడు. కొడుకులు ఆ పనిలోకి రాలేదు. ఈ కంచు మళ్లీ రాదు," అంది. దెప్పిపొడుపు లేదు ఆ గొంతులో. పొద్దున కూతురి గొంతు కూడా అలాగే ఉంది.

"ఉండమ్మా, ఒక్క మాట," అంది శ్రుతక్క. "కొసల దగ్గర రుద్దితే స్వరం మళ్లీ పైకి వస్తుంది. పలక నడుం దగ్గర ఇప్పటికే పలచబడింది కాబట్టి ఎక్కువసార్లు ఓర్చుకోలేదు. నువ్వు పక్కనుంటే ప్రయత్నిస్తా."

నర్సమ్మ ఆమె చేతులకేసి చూసింది. తర్వాత చెప్పుల్ని పక్కకి జరిపింది.

పెద్ద పలకతో మొదలుపెట్టారు. శ్రుతక్క దాన్ని దించి, కొస మీద ఆకురాయి ఆనించి నాలుగు సార్లు రుద్దింది. కట్టి కొట్టారు. సన్నగా వణుకు మొదలైంది. వెంటనే ఆమె చెయ్యి పలక నడుం వైపు జరిగింది. దాన్ని ఆమె పంపలేదు, దానంతటదే వెళ్లింది. నర్సమ్మ మణికట్టు పట్టుకుని ఆపింది.

"ఎంత వరకు పోనివ్వాలి?" అని అడిగింది శ్రుతక్క.

"చిన్నదాన్ని విను. అదెంత నెమ్మదిగా ఊపిరి పీలుస్తోందో, ఇదీ అంత నెమ్మదిగా."

చిన్న పలకని కొట్టించుకుని వింది. ఏళ్ల తరబడి ఆ వణుకు వినపడగానే చంపేసిన చెవి. దాన్ని ఆసాంతం వినడం ఆమెకిదే మొదటిసారి. పక్కనున్న మనిషి గుండెలు నిద్రలో పైకీ కిందికీ కదిలినట్టుంది. అందంగా ఉందో లేదో ఆమెకి తెలియలేదు. పన్ను జివ్వుమన్నట్టు ఒళ్లంతా ముడుచుకుంది. పారిపోకుండా ఉండటమే ఆ క్షణానికి ఆమె చెయ్యగలిగింది.

మళ్లీ రుద్దింది, మళ్లీ కట్టింది. ఇంకాస్త కావాలి. నిటారు స్వరానికైతే ఆగే చోటు చెవికి దానంతటదే తెలిసేది, గూట్లో దీపం పెట్టినట్టు. ఇక్కడ ఆగే చోటంటూ కనపడలేదు. అంతా తప్పులాగే ఉంది. ఆ తప్పుల్లో ఏది సరైన తప్పు? చెమట కంట్లోకి దిగింది. భయంతో చెయ్యి బిగుసుకుని, ఆకురాయి అనుకున్న దానికన్నా లోతుగా వెళ్లింది.

కొట్టారు. వూ, వూ, వూ, వూ.

నర్సమ్మ చాలాసేపు విన్నది. "ఆయాసపడుతోంది," అంది చివరికి. "పరిగెత్తి వచ్చినట్టు."

"వెనక్కి తెమ్మంటావా?"

"ఓర్చుకుంటుందా?"

శ్రుతక్క పలక నడుం మీద బొటనవేలు పెట్టి చూసింది. ఓర్చుకోదు.

"వద్దులే, ఉండనీ," అంది నర్సమ్మ. "మా ఊరి ఊపిరి కాదు గానీ, ఊపిరే. రేపు రెండోది చూద్దాం. రేపు భయపడకు."

వాయిస్తానని గానీ వాయించనని గానీ ఆమె చెప్పలేదు. అడిగే ధైర్యం ఆఫీసరుకీ చాలలేదు.

శ్రుతక్క ఇల్లు చేరేసరికి లోపల్నుంచి పాట వినపడింది. స్నేహితురాలింటికి చుట్టాలొచ్చినట్టున్నారు, పిల్లలిద్దరూ ఇక్కడే కూర్చున్నారు. తల్లి ఆలస్యంగా వస్తుందనుకున్నారు కాబోలు. ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. రెండు గొంతులూ ఒకే వరస పాడుతున్నాయి. వాళ్లమ్మాయిది కాస్త పైన. మధ్యలో వణుకు.

చెప్పు చప్పుడుకి పాట టక్కున ఆగింది.

"అయిపోయిందమ్మా, ఆపేశాం," అంది కూతురు పుస్తకం మూసేస్తూ. స్నేహితురాలు అప్పుడే సంచి భుజానికి తగిలించుకుంది.

"ఎందుకాపడం? పాడండి."

"ముందు చెప్పెయ్. మాలో ఎవరిది తప్పు?"

కూతురిదే. ఎంత తప్పో కూడా చెప్పగలదు. కానీ అది జారడమో, ఇద్దరు పిల్లలు కలిసి పాడితే అలాగే ఉండాలో, పొద్దున్నైతే తెలుసుననేది.

"తెలీదే," అంది శ్రుతక్క.

పిల్లలిద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. "ఒంట్లో బాలేదామ్మా?"

"బానే ఉంది. మళ్లీ పాడండి, వింటాను."

ఆమె చెంగుకి అంటిన కంచు పొడి దులపకుండానే గోడవార కూలబడింది. పిల్లలు భయంభయంగా మొదలుపెట్టారు. ఆ చోటు వచ్చింది. గొంతులు విడిపడ్డాయి. 'కిందికి' అన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ల మధ్య బిగించి పట్టుకుంది.

పిల్ల పాడుతూనే ఉంది గానీ, దాని కళ్లు మాత్రం తల్లి నోటి మీదే ఉన్నాయి.