సాగుడు

ఆనందం మళ్లీ డయలు మీదికి వంగాడు. కడ్డీ ఎంత సాగిందో చూపే ముల్లు కదల్లేదు. ఎర్రగా కాలే ఫర్నేసులో ఇనుము, అల్యూమినియం కలిపి చేసిన కడ్డీ ఇరవై రోజులుగా బరువు మోస్తూ వేలాడుతోంది. సాయంత్రం నాలుగింటికి అయిదు వందల గంటలు నిండుతాయి. అయిదింటికి ఆనందం ఉద్యోగం కూడా నిండుతుంది.

జగిత్యాల దగ్గరి ఇంజనీరింగు కాలేజీలో ముప్ఫై ఏళ్లుగా అటెండరు. పొట్టి మనిషి, ముంజేతుల నిండా నిప్పురవ్వల మచ్చలు. వర్క్‌షాపు కొలిమి ఆయనదే. పనిమంతుడివని ఎవరూ అనలేదు, ఆయనా అడగలేదు.

కళావతి మేడం పరిశోధనకు రెండు కడ్డీలు. ఒకటి పోత పోసినట్టే ఉంచారు, రెండోదాన్ని ఆనందం కాల్చి సుత్తెతో సాగగొట్టాడు. "కొడితే బలం పెరుగుతది ఆనందం. కానీ వేడిలో బరువేస్తే ఎంత సాగుతదో చెప్పలేం" అంది మేడం. పోత కడ్డీ తొమ్మిదో రోజే తెగింది. ఇక ఇదొక్కటే మిగిలింది, ఆ లోహం మళ్లీ దొరకదు. ఇది నిలబడితే తన ముప్ఫై ఏళ్ల సుత్తె నిలబడినట్టేనని ఆనందం లోలోపలే అనుకున్నాడు.

సకల జనుల సమ్మెకు బస్సుల్లేక మేడం హైదరాబాదులో చిక్కుకుంది. కరెంటు పోయినప్పుడల్లా జనరేటరు వేయడానికి ఆనందం ఇక్కడ చిక్కుకున్నాడు. గేటు దగ్గర డప్పు మోగితే కాళ్లు అటే లాగేవి. తెలంగాణ ఆయనకు మాత్రం చేదా? లేచి వెళ్తే కడ్డీని చూసే దిక్కులేదు.

రెండింటికి ఫోను మోగింది. సమ్మె శిబిరం నుంచి భీమయ్య, తోటి అటెండరు.

"అన్నా, లోపల సాగుతాందా?"

ఆనందం మొహం వెలిగింది. ఇన్నాళ్లకు ఒకడు అడిగాడు!

"యాడ సాగుతది భీమయ్యా! పొద్దుటి నుంచి వెంట్రుకంత గూడ సాగలే. మిషను నడుస్తనే ఉంది."

భీమయ్య అడిగింది సమ్మె సంగతి. పావుగంటలో పదిమందిని వెంటేసుకొచ్చి మెయిన్ స్విచ్చు ఆపేశాడు, జనరేటరు గదికి తాళం వేశాడు. ఆనందం పరుగెత్తుకొచ్చాడు.

"ఏందిరా గిట్ల జేస్తివి?"

"నువ్వే అంటివి గదనే, సమ్మె సాగుతలేదని!"

"నేనన్నది కడ్డీ గురించిరా..."

భీమయ్య మొహం పాలిపోయింది. "ఆగన్నా, మల్ల ఏస్త" అని స్విచ్చు వైపు ఉరికాడు.

"ఇగ ఏసినా లాభం లేదు. చల్లారినంక గా లెక్క పనికిరాదు."

ఫర్నేసు ఎరుపు అప్పటికే దిగిపోయింది. ఆనందానికి ఏడుపొచ్చింది. వాళ్లను తిడదామంటే వాళ్ల సమ్మె తనది కూడా. ఊరుకుందామంటే కడుపు మండుతోంది. భీమయ్య చెయ్యి పట్టుకుంటే వెంట నడిచాడు. సాయంత్రం దాకా శిబిరంలో కూర్చుని, అటునుంచి అటే ఇంటికి వెళ్లిపోయాడు. ఆయన ఉద్యోగం అయిపోయిన రోజని అక్కడెవరికీ గుర్తు రాలేదు.

ల్యాబులో కొలతలు రాసే రిజిస్టరు తెరిచే ఉంది. నాలుగింటి గడి పొద్దున్నే స్కేలుతో గీసిపెట్టుకున్నాడు, అందులో ఏమీ రాసి లేదు.