హరావా గారి ఏనుగు

హరావా గారు సఫారీకి ప్రణాళిక వేస్తుంటే చూసి తీరాలి. బల్ల మీద అడవి పటం పరిచి, సోడా మూతల్ని ఏనుగులనుకుని వేలితో అటూ ఇటూ తోస్తాడు. ఏ ఏనుగు ఎక్కడ నిలబడాలో ఆయనే తేల్చేస్తాడు. ఏనుగులకే ఆ కబురు ఇంకా అందలేదు.

వేటగాళ్ళు ఊడ్చిపెట్టిన అడవి అది. లారీల్లో ఏనుగుల్ని తెచ్చి వదిలాక ఇప్పుడిప్పుడే తేరుకుంటోంది. మొన్న ఉత్తరాది జిల్లాల నుంచి దిగబడ్డ హరావా మాత్రం దానికి తనే ప్రాణం పోసినట్టు మాట్లాడతాడు. ఎనెలేసీ ఆ అడవి అంచునే, కలుంజే ఊళ్ళో పుట్టింది. ఇప్పుడక్కడే గైడు. ఆయన్ని చూస్తే ఆమెకు ఒళ్ళు మంట.

"శనివారం పెట్టుబడి పెట్టేవాళ్ళొస్తున్నారు," అన్నాడు హరావా. "మీ వైపు దారిలో ఏనుగు కనబడిందా, సఫారీ గేటు మీ ఊళ్ళోనే. కనబడలేదా, ఏటివైపు పెడతారు. మీ వైపు కంచె బిగించేస్తారు."

గేటొస్తే ఊరికి రోడ్డొస్తుంది, పనులొస్తాయి. ఎనెలేసీ కోరుకునేది అదొక్కటే.

"ఆ రోజు మావాళ్ళు కట్టెలకు పోకుండా ఉంటే చాలు సార్, ఏనుగులు వాటంతటవే దారి మీదికొస్తాయి. మా మామతో నేను చెప్తా."

"నువ్వు చెప్తే అయినట్టే! నేనే మాట్లాడతా. మీ భాష నాకు రాదనుకున్నావా?"

వచ్చు పాపం, బజారులో టమాటాలు బేరమాడేంత.

ఊరిపెద్ద ఎనెలేసీకి మేనమామ. ఆయన ముందు కానుకగా కోడిని పెట్టి, హరావా గొంతు సవరించుకున్నాడు. "శనివారం సాయంత్రం జిలోంబోలు దారి మీదికి రావాలి. మీ సాయం కావాలి."

జిలోంబో అంటే అడవి జంతువులు. కానీ ఎనెలేసీ వాళ్ళ చెవా తెగ ఊళ్ళలో, ఎవరైనా పోయినప్పుడు చనిపోయినవాళ్ళ ఆత్మలుగా తోపులోంచి ముసుగులతో ఆడుతూ వచ్చేవాళ్ళూ జిలోంబోలే. ఉత్తరాదిలో ఆ ఆచారం లేదు.

పెద్దాయన తలపాగా తీశాడు. "ఎవరు పోయారు నాయనా?"

"ఒకరా ఇద్దరా! వేటగాళ్ళు ఎందర్ని పొట్టన పెట్టుకున్నారు! అందర్నీ వెనక్కి రప్పించాలి."

హరావా అన్నది ఏనుగుల్ని. పెద్దాయనకేమో వేటగాళ్ళ తూటాలకు పోయిన అడవి కాపలావాళ్ళు గుర్తొచ్చారు. వాళ్ళలో ఆయన తమ్ముడూ ఉన్నాడు. కళ్ళు తుడుచుకుని, "రప్పిస్తాం," అన్నాడు.

పక్కనే నిలబడ్డ ఎనెలేసీకి అంతా అర్థమైంది. ఒక్క మాట చెబితే సరిపోయేది. 'భాష వచ్చుగా, పడనీ' అనుకుని పెదవి కొరుక్కుంది. తిరిగొచ్చేటప్పుడు హరావా, "చూశావా, పని ఎలా చేయించుకోవాలో!" అంటే, "చూశాను సార్," అంది. ఆ వారమంతా మొక్కజొన్నపిండి న్సిమా ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడల్లా నవ్వొచ్చేది.

శనివారం పెట్టుబడివాళ్ళని ఎక్కించుకుని హరావా బండి కలుంజే దారి పట్టింది. డప్పులు మోగాయి. తోపులోంచి ఏనుగొచ్చింది. గోనెలూ గడ్డీ కట్టిన పెద్ద ఏనుగు. కాళ్ళు కాస్త ఎక్కువే. ఊళ్ళో వాటిని ఎవరూ లెక్కపెట్టరు. దాని వెనక ఆడవాళ్ళు పోయినవాళ్ళ పేర్లు పాడుతూ వస్తున్నారు. అతిథులు చప్పట్లు కొట్టారు.

హరావా ముఖం మాడిపోయింది. బండి దిగి, ఏనుగు గోనె పట్టి లాగాడు. "ఏంటీ వేషాలు? లోపల మనుషులున్నారు! బయటికి రండి!"

డప్పులు ఆగిపోయాయి. జిలోంబో లోపల మనిషున్నాడని చిన్నపిల్లలు కూడా అనరు. పాట పాడుతున్న ఆడవాళ్ళు కొంగుతో ముఖాలు కప్పుకున్నారు.

"బండి తిప్పుకో," అన్నాడు పెద్దాయన. "ఈ దారిన ఇంకెప్పుడూ రాకు."

గేటు ఏటివైపే పోయింది. అక్కడ కొత్త కుర్చీలో కూర్చుని హరావా మళ్ళీ సోడా మూతలు జరుపుతున్నాడు. ఆయనకేం, రాయిలాంటి మనిషి.

కంచె బిగిస్తున్న రోజున మేనమామ ఎనెలేసీని పిలిచాడు.

"ఆయనకు ఆ మాట తెలియదని నీకు తెలుసా, అమ్మీ?"

"తెలుసు, మామా."

"నవ్వుకున్నావా?"

ఆమె తల దించుకుంది. "నవ్వుకున్నాను."

"చిన్నమామ పేరు పాడుతున్నప్పుడు కూడానా?"

కంచెకు మేకులు కొడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఎనెలేసీ రెండు చేతులతో ముఖం కప్పుకుంది.