వెనక గోల

"ఇది నిద్రపోకుండా చూసుకోండి మేడం. నిద్రపోయిందంటే కాపీ మళ్ళీ మొదటికొస్తుంది," అని చెప్పి కంప్యూటర్లు బాగుచేసే అతను వెళ్ళిపోయాడు. పాతదాన్నీ కొత్తదాన్నీ ఒక వైరుతో కలిపిపెట్టాడు. ఆమె చేయవలసిందల్లా పక్కన కూర్చుని మధ్యమధ్య మౌసు కదుపుతూ ఉండడమే. "నీకెలాగూ ఇవాళ సెలవే కదా," అన్నాడు భర్త పొద్దున. ఆ సెలవు పెట్టించింది ఆయనే. ఆ సంగతి ఆయన మర్చిపోయాడు, ఆమె గుర్తుచేయలేదు. అత్తగారు మంచం పట్టినప్పుడూ ఆఫీసుకి సెలవు పెట్టి ఇలాగే పక్కన కూర్చుంది. కనిపెట్టుకుని ఉండడం ఆమెకు బాగా అలవాటైన పని.

అత్తగారు పోయి ఏడాది కావస్తోంది. వచ్చే ఆదివారం చుట్టాలందరూ కలుస్తున్నారు. వాళ్ళకి చూపించడానికి ఆవిడ మాట్లాడిన వీడియోలు కావాలి. గుమ్మం దాటుతూ భర్త చెప్పాడు: "కొత్తదాంట్లో వెనక శబ్దాలు తీసేసే ఏర్పాటుందట. మాటలు తప్ప ఇంకేం వినపడకూడదు. ఆ వెనక గోలంతా తీసెయ్."

చేరిన వీడియో చేరినట్టే తెరిచి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుంది. మొదటిదాంట్లో అత్తగారు కుర్చీలో కూర్చుని, మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని తన చిన్నతనం చెబుతున్నారు. ఆవిడ మాట వెనక ఎవరో సన్నగా పాడుతున్నారు. పడుచు గొంతు. ఆమె చప్పున వెనక్కి తిరిగి చూసింది. మిట్టమధ్యాహ్నం, ఇల్లంతా ఖాళీ, వంటింట్లో ఎవరూ లేరు. ఎవరీ పిల్ల? పక్కింటావిడా? మళ్ళీ వెనక్కి తిప్పి వింది. పాట మధ్యలో మూత ఏదో కిందపడింది, ఆ గొంతు "అబ్బా" అంది. ఆ "అబ్బా"ని మాత్రం ఆమె గుర్తుపట్టింది. రోజూ తన నోటి నుంచి వచ్చేదే.

"లోపలెవరు, పాడుతున్నారు?" అని వీడియోలో ఎవరో చుట్టపాయన అడిగాడు. ఒళ్ళో ఉన్న పిల్ల తల కూడా తిప్పకుండా, "ఎవరూ లేరు, అమ్మే," అంది. అందరూ నవ్వారు. కెమెరా పట్టుకున్న భర్త నవ్వు అన్నిటికన్నా దగ్గరగా వినిపించింది. వంటింట్లోంచి తన నవ్వు కూడా. అదేం నవ్వులాట అని ఇప్పుడు ఆమెకు తన మీదే కోపం వచ్చింది.

తర్వాతి వీడియోల్లోనూ ఆ గొంతు తిరుగుతూనే ఉంది. పిల్ల పుట్టినరోజు నాడు, బావగారు కొత్త బండి కొన్న నాడు, గోడ వెనక నుంచి ఏదో ఒక చరణం. ఒకదాంట్లో అత్తగారు చెబుతున్న మాట ఆపి, లోపలి వైపు తిరిగి, "ఏమ్మా, ఆ రాగం కాస్త ఆపుతావా? అబ్బాయి వీడియో తీస్తున్నాడు," అన్నారు. కోపంగా కాదు. ఫ్యాను ఆపమన్నంత మామూలుగా. చరణం సగంలో తెగింది.

ఆ తర్వాతవన్నీ తెరిచి చూసింది. కుళాయి నీళ్ళు, గిన్నెలు, మిక్సీ, దగ్గు. పాట లేదు. ఎవరూ పాడొద్దని శాసించలేదు. తను అలిగి మానేసిందీ లేదు. ఆ పూటకి ఆపింది, మళ్ళీ మొదలుపెట్టడం మర్చిపోయింది, అంతే. అత్తగారికైతే గోడ మీద ఫొటో ఉంది, తలుచుకోవడానికి ఆదివారం ఉంది. ఆ పాడే పిల్ల పోయిన సంగతే ఎవరికీ తెలియదు. ఒకే ఇంట్లో ఉంటూ ఆమెకే తెలియలేదు.

అంతలో పాత తెర నల్లబడింది. ఆ నలుపులో తన ముఖం కనిపించింది. గబగబా మౌసు కదిపింది. అదృష్టం, మేలుకుంది.

చెప్పిన పని చెప్పినట్టు చేయడం కూడా అలవాటే కదా. కొత్తదాంట్లో మొదటి వీడియో తెరిచి, శబ్దాలు తీసేసే మీట నొక్కింది. క్షణంలో శుభ్రమైపోయింది. అత్తగారి మాట ఊడ్చిన గదిలో వినిపించినట్టుంది. "లోపలెవరు, పాడుతున్నారు?" అని చుట్టపాయన నిశ్శబ్దాన్ని అడిగాడు. "ఎవరూ లేరు," అంది పిల్ల. ఈసారి ఎంత విన్నా ఎవరూ లేరు. చేసిన మార్పు రద్దు చేసింది. పాట తిరిగొచ్చింది.

ఫోను మోగింది. భర్త.

"అయిందా? గోలంతా తీసేశావా?"

"లేదండీ."

"ఏం, రావట్లేదా? చేతకాకపోతే వదిలెయ్, రేపు అతన్నే పిలుద్దాం."

"వస్తోంది. చాలా బాగా వస్తోంది. నేనే తీయనంటున్నాను. అత్తయ్యగారి వెనక పాడుతున్నది నేనండీ."

ఆయన, నిజంగానే గుర్తులేక, అడిగాడు. "నువ్వు పాడేదానివా?"

ఆమె హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. ఫోను మాత్రం పెట్టేయలేదు. గొంతు సవరించుకుని, ఆ రోజు తెగిన చోటి నుంచి చరణం అందుకుంది.