పేగులు మోసిన సంచి

నేను ఒక సెలైన్ సంచిని. ఉప్పునీళ్ళు మోయడానికే పుట్టాను. మా జాతిని ఎవరూ చూడరు, మాలో నీళ్ళింకా ఎన్ని మిగిలాయో చూస్తారు, అయిపోగానే చెత్తలో పారేస్తారు.

నా రాత మాత్రం కాస్త వంకర తిరిగింది. ఆ రోజు మా ప్రభుత్వాసుపత్రికి అప్పుడే పుట్టిన బిడ్డను తెచ్చారు. వాడి బొడ్డు పక్కన చిల్లు, పేగులన్నీ ఆ దారిన బయటికొచ్చేశాయి. ఒక్కసారే లోపలికి తోసేద్దామంటే ఆ పిడికెడు పొట్టలో చోటెక్కడిది? ఇలాంటి పిల్లల కోసమే తయారయ్యే ఖరీదైన సంచి అక్కడ లేదు. డాక్టర్ వసుంధరగారు నాలో నీళ్ళు వంపేసి, నన్ను కత్తిరించి, పేగులకు తొడిగి, అంచులు పొట్టకు కుట్టారు. నా పైకొసను తాడుతో పైనుంచి వేలాడదీశారు. రోజూ కాస్త కాస్త నన్ను నొక్కి పేగుల్ని లోపలికి దించాలట. అంటే నేను ఖాళీ అయితేనే వాడు బతికినట్టు. మంచి ఉద్యోగమే దొరికింది లెండి!

తల్లి ఇంకా లేవలేక వాళ్ళ ఊరి ఆసుపత్రిలోనే ఉండిపోయింది. వాడి పేగులు నాలో మెల్లగా కదిలేవి. అంత దగ్గరగా ఉన్నా, నేనొకదాన్ని ఉన్నానని వాడికి తెలియదు. దిగులేసేది.

వాడి నాయనమ్మ పోలమ్మ రోజూ వచ్చేది. వచ్చేపోయేవాళ్ళంతా వింతగా చూస్తున్నారని ఆమెకు ఒకటే గుబులు. ఓ మధ్యాహ్నం భుజం మీది తువ్వాలు తీసి నా మీద కప్పేసింది. ఆ బరువుకు నేను పక్కకు ఒరిగాను, లోపల పేగులు మెలిపడి నల్లబడసాగాయి. పేగుల రంగు బయటికి కనబడాలనే కదా పారదర్శకంగా ఉండే నన్ను ఎంచుకున్నది! అరుద్దామంటే నాకు నోరేదీ?

నర్సు ఎస్తేరు వచ్చి తువ్వాలు లాగేసింది. "అమ్మో! డాక్టరుగారూ, బేగి రండి!"

వసుంధరగారు పరుగున వచ్చి నన్ను నిటారుగా సర్ది, మెలి విప్పారు. చాలాసేపటికి ఎరుపు తిరిగొచ్చింది.

"ఎవరు కప్పారిది?"

"నానే తల్లీ. అందరూ సూసి పోతన్నారు, గుంటడికి దిష్టి తగిలిపోద్దనీ..." పోలమ్మ బావురుమంది.

ఎస్తేరు తిట్టబోయి ఆగింది. జేబులోంచి నల్ల మార్కరు తీసి నా ఒంటి మీద ఒక చుక్క పెట్టింది. "ఇదిగో మామ్మా, దిష్టి చుక్క పెట్టేశాను. ఇంక గుడ్డ మాత్రం కప్పకు."

కొన్నాళ్ళకు నేను ఖాళీ అయ్యాను. పొట్ట మూసి కుట్టేసి, నన్ను పసుపు బుట్టలో పడేశారు. అందులోవన్నీ కాల్చేస్తారు. ఇవాళ వాడి తల్లి వచ్చింది. వాణ్ణి మొదటిసారి ఒళ్ళోకి తీసుకుని ఏడుస్తోంది, ఇక్కడికి వినబడుతోంది. ఒక్కరూ నా వైపు చూడలేదు. బాధగానే ఉంది, అబద్ధమెందుకు?

ఆ చుక్క వాడి కోసమేనని నాకూ తెలుసు. అయినా పెట్టింది నా ఒంటి మీదే కదా!