పన్నెండు మీద ఒకటి

మార్తా లెక్కలకు పనికిరాదని ప్రమోదిని ఎప్పుడో తేల్చేసింది. కొండ మీది సవర పిల్లలకు ఒడియాలో చదువు చెప్పడానికి కటక్ నుంచి వచ్చిన టీచరు ఆవిడ. వచ్చి ఏళ్లు గడిచినా సవర భాష నాలుగు ముక్కలే వచ్చు, అదీ సంతలో బేరానికి సరిపడా. మార్తా మంచి పిల్లే. పన్నెండు దాకా అంకెలు ముత్యాల్లా రాస్తుంది. పదమూడు రాయమంటే మాత్రం 121 అని రాస్తుంది. పద్నాలుగు అంటే 122. గదిమినా అంతే, బుజ్జగించినా అంతే. మొండిఘటం అనుకుని వదిలేసింది.

ఈ ఏడు పరీక్ష టాబ్‌లో పెట్టారు. దానికేం తెలుసు దయాదాక్షిణ్యాలు? మార్తా పేరు ఎర్రగా చూపించింది. ఎర్రగా వచ్చిన పిల్లల్ని పట్నం హాస్టల్లో, వెనకబడినవాళ్ల తరగతిలో వెయ్యమని పైవాళ్ల ఉత్తర్వు. తల్లి ఒప్పుకోవాలి, అంతే.

ప్రమోదిని వెళ్లేసరికి తల్లి రూతు వాకిట్లో కొండచీపుర్లు కడుతోంది. సంగతి విని కూడా చేతిలో పని ఆపలేదు. లెక్కలు రావని కొడుకు ఏలియాని కిందటేడు ఆ హాస్టల్‌కే పంపారు. క్రిస్మస్‌కి వచ్చినప్పుడు వాడు తల్లి భాషలో మాట్లాడటానికి సిగ్గుపడ్డాడని ఊరంతా చెప్పుకుంది.

"ఇది కూడా ఎల్లిపోతే ఇల్లు బోసిపోద్ది దీదీ," అంది రూతు.

ప్రమోదినికి జాలి వేసింది. తనకు మాత్రం ఇష్టమా అని, పిల్ల అంకెలు రాయలేకపోతే తానేం చెయ్యగలదని నచ్చజెప్పబోయింది. రూతు కట్టిన చీపుర్లు లెక్కపెట్టుకోసాగింది. సవరలో, పైకే. పన్నెండు దాకా వచ్చి, ఆ పైన పన్నెండు-ఒకటి, పన్నెండు-రెండు అంటూ పోయింది. సంతలో ఈ లెక్క ప్రమోదిని చెవిన ఎన్నిసార్లు పడలేదు గనక! ఎప్పుడైనా వింటేగా. పక్కనే మార్తా తల్లి మాట వెంబడే పుల్లతో నేల మీద రాస్తోంది. 121. 122.

ప్రమోదినికి అప్పుడు అర్థమైంది. పిల్ల మొండితనం కాదిది. బడిలో విన్న అంకెని తన భాషలోకి మార్చుకుని, అమ్మ నోట ఎలా ఉందో అలాగే రాస్తోంది పాపం.

గబగబా కింద కూర్చుని పది చీపుర్లు ఒక మోపుగా కట్టింది. మూడు విడిగా పెట్టింది. బడిలో ఇలా లెక్కపెడతామని, ముందు మోపు ఒకటి, పక్కన విడివి మూడు రాస్తామని చెప్పింది. మార్తా కాసేపు చూసి 13 అని రాసింది. ఇంకో చీపురు తనే జరిపి, అడక్కుండానే 14 వేసింది.

"ఇలాగని ముందే చెప్పొచ్చు కదా దీదీ," అంది.

ప్రమోదిని తల్లి సంతకం కోసం తెచ్చిన కాగితం మడిచి సంచిలో పెట్టేసుకుంది. మార్తా ఎక్కడికీ వెళ్లదని, పైవాళ్లతో తనే మాట్లాడుకుంటానని చెప్పింది. "దీనికి లెక్కలొచ్చు రూతూ. నాకే దీని లెక్క తెలీలేదు."

రూతు చేతులు అప్పుడు ఆగాయి.

"మా ఏలియా కూడా ఇలాగే రాసీవోడు గదా దీదీ," అంది మెల్లగా. "మరి ఆడినెందుకు పంపించీసినారు?"

ప్రమోదినికి గుర్తొచ్చింది. ఏలియా పలక మీద ఈ అంకెల్నే తప్పని కొట్టేసింది తనే.